నలభై రెండో రోజు స్వామి

ఫోన్‌లో అయిదో తరగతి పిల్లలకు పాఠం చెబుతుంటే తెర మీద 'స్వామి' అని వచ్చింది. పాఠం మధ్యలో ఎత్తితే పిల్లలు తెగిపోతారని కట్ చేశాను. మళ్లీ వచ్చింది, మళ్లీ కట్ చేశాను. ఆయన సాయంత్రం నాలుగింటికి తప్ప చేయడు, పొద్దున పదింటికి ఈ తొందరేమిటని కాస్త విసుక్కున్నాను కూడా. మూడోసారికి ఎత్తితే అవతల ఆయన భార్య.

"సారూ, మీ స్వామి పోయిండు."

మా ఆయన అనలేదామె. మీ స్వామి అంది. కరోనా రెండోసారి విరుచుకుపడ్డ రోజులవి. పన్నెండు రోజులుగా ఆయన ఇక్కడే సూరత్‌లో ఆసుపత్రిలో ఉన్నాడు, పాఠం ధ్యాసలో తెర మీద పేరు చూసి ఆ సంగతే మరిచిపోయాను.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మన గురించి అబద్ధం చెప్పకూడదు. ఆ మాట వినగానే నాకు ఏడుపు రాలేదు. 'ఈ రోజు నేను తాగుతానా?' అన్న ప్రశ్న వచ్చింది. అప్పటికి మూడేళ్లుగా చుక్క ముట్టలేదు. అందులో చివరి ఏడాదికి పైగా, ఆయన గొంతు వినకుండా ఒక్క సాయంత్రం కూడా గడపలేదు. మాట్లాడలేని స్థితిలో ఆయన ఆసుపత్రిలో ఉన్న ఆఖరి నాలుగు రోజులు మాత్రం మినహాయింపు. ఆ నాలుగు రోజులూ నేనెలా నెట్టుకొచ్చానో నాకే తెలియదు.

పేరు విని కాషాయం, గడ్డం ఊహించుకోకండి. సూరత్‌లో మేముండే లింబాయత్‌లో మరమగ్గాలు, మావాళ్ల మాటలో సాంచాలు, చెడిపోతే బాగుచేసే పనివాడాయన. జాబర్ అంటారు. జగిత్యాల వైపు మనిషి. చొక్కా జేబులో స్పానరు, చేతులకు ఎప్పుడూ నూనె, ఆదివారం కోడికూర. వాళ్ల వీధి మొత్తం ఆయన్ని స్వామీ అనే పిలిచేది. అసలు పేరు ఎవరూ అడగలేదు. మూడేళ్లలో నేనూ అడగలేదు.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను తెలుగు మీడియం బడిలో పంతులిని. ఇక్కడ గుజరాత్‌లో మందు నిషేధం. ఆ నిషేధం వల్ల నాకు ఒక్కరోజు కూడా ఇబ్బంది కలగలేదు. మా గల్లీ చివర ఒకావిడ ఆకుపచ్చ పరదా వెనకాల నాటుసారా ప్లాస్టిక్ పొట్లాల్లో అమ్మేది. పొట్లీ అంటారు వాటిని. ఒకరోజు మధ్యాహ్నం తరగతిలో కుర్చీలోనే నిద్రపోయాను. లేచేసరికి పిల్లలు బల్లల మీద చేతులు కట్టుకుని, చప్పుడు చేయకుండా కూర్చుని ఉన్నారు. "సార్‌కి జ్వరం" అని ఎవరో చెప్పారట, నన్ను లేపకూడదని అందరూ ఒప్పుకున్నారట. అల్లరి చేసి ఉంటే బాగుండేది. ఆ మర్యాద నేను తట్టుకోలేకపోయాను.

ఆ ఆదివారమే మీటింగుకు వెళ్లాను. కిరాణా కొట్టు మీద ఒక గది, అందులో తాగుడు మానాలనుకునేవాళ్లు పదిపదిహేను మంది. ఒరియావాళ్లు, మరాఠీవాళ్లు, మనవాళ్లు. మాట్లాడేది హిందీలో. అంతా బాగానే ఉంది గానీ, నాకన్నా పెద్దది ఏదో ఒకటి ఉందని ఒప్పుకోవాలన్నారు. దాన్ని దేవుడనుకో, ఇంకేమైనా అనుకో, నీ ఇష్టం అన్నారు. నాకు ఒళ్లు మండింది. కాలేజీ రోజుల నుంచీ దేవుడితో నాకు పడదు. సారా మానడానికి వస్తే పూజారికి అప్పజెప్పారేమిటని లేచి మెట్లు దిగుతున్నాను. కింద ఒకాయన చాయ్ గ్లాసులు కడుగుతున్నాడు.

"స్వామీ, చాయ్ తాగి పోన్రి."

"నేను స్వామిని కాదు, తాగుబోతుని" అన్నాను.

"నేను గూడ గంతే స్వామీ. కూసోన్రి."

కూర్చున్నాను. చాయ్ అయ్యేలోపు తన కథ చెప్పాడు. అంత విచిత్రమైన కథ నేను అంతకుముందు వినలేదు.

మా తెలంగాణ జిల్లాల మగవాళ్లకు ఒక అలవాటుంది. తాగుడు శ్రుతి మించితే మాల వేసుకుంటారు, హనుమంతుడి మాలో అయ్యప్ప మాలో. నలభై ఒక్క రోజులు చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, చెప్పుల్లేని నడక, ఒంటిపూట భోజనం. మాలలో ఉన్నన్ని రోజులు మనిషికి పేరుండదు. అందరూ అతన్ని స్వామీ అంటారు, అతను అందరినీ స్వామీ అంటాడు. ఆ రోజుల్లో ఎంత తాగుబోతైనా చుక్క ముట్టడు. ఈయన ఏడేళ్లలో ఏడుసార్లు హనుమంతుడి మాల వేశాడు. ఏడుసార్లూ కొండగట్టు ఎక్కి మాల తీశాడు. ఏడుసార్లూ తిరుగు బస్సు ఎక్కకముందే తాగాడు.

"నలభై రెండో రోజు స్వామీ. గదొక్కటే దినం నాకు కష్టం. మిగిలినయన్ని అల్కగనే."

మనలాంటివాళ్లమైతే ఇక్కడ తిట్టుకుంటాం, లేదా ఎనిమిదో మాల వేస్తాం. ఆయన జాబర్. సాంచ మాటిమాటికీ ఆగిపోతుంటే ఏ భాగం వల్ల ఆగుతోందో ఎలా పట్టుకుంటారో నాకు తర్వాత ఆయనే కార్ఖానాకు తీసుకెళ్లి చూపించాడు. అన్నీ ఒకేసారి మార్చకూడదు. ఒక్క భాగం మార్చి, గంటసేపు నడిపించి, పక్కన నిలబడి చూడాలి. కాకపోతే దాన్ని మళ్లీ యథాస్థానంలో బిగించి, ఇంకోటి మార్చాలి. తన మీద కూడా అదే పని చేసుకున్నాడు.

"మాలల ఉన్నప్పుడు తాగలే. అంటే గా నలభై ఒక్క దినాలల్ల ఏదో ఒక సామాను పని జేస్తుంది. అది ఏంది? గదొక్కటి దొర్కవట్టాలె."

మాల లేకుండా ఒక్కొక్కటే పరీక్షించాడు. ముందు చన్నీళ్ల స్నానం. నాలుగో రోజు తాగాడు, జలుబు మిగిలింది. తర్వాత చెప్పుల్లేకుండా నడిచాడు. కార్ఖానాలో మేకు గుచ్చుకుంది, నొప్పికి తాగాడు. నేల మీద పడుకుంటే నడుం పట్టేసింది. ఒంటిపూట భోజనం చేస్తే ఆకలి వేసింది, ఆకలికి ఏం తోచిందో చెప్పనక్కర్లేదు. మంత్రం వారం రోజులు పనిచేసింది. "మందు తాగుకుంట గూడ మంత్రం చదవచ్చని ఎనిమిదో దినం తెల్సింది స్వామీ" అన్నాడు, అదేదో కొత్త విషయం కనిపెట్టినట్టు.

చివరికి మిగిలింది పిలుపు. మాల లేదు, బొట్టు లేదు, ఎదుటపడ్డ ప్రతి మనిషినీ స్వామీ అని పిలవడం మొదలుపెట్టాడు. అది పట్టుకుంది. పది రోజులు, నెల, ఏడాది.

సేఠ్‌ను స్వామీ అన్నాడు. ఆటోలో పక్కన ఇరుక్కున్నవాడిని స్వామీ అన్నాడు. మాలలో ఆడవాళ్లను మాతా అనాలి, కానీ భార్య "నేను నీకు మాతనెట్లయిత?" అని కొట్లాడిందట, అందుకని ఆవిడనూ స్వామీ అనేశాడు. మీటింగులో ఒక ముస్లిం పెద్దాయన ఉండేవాడు. నిన్ను అలా పిలవచ్చా అని ముందే అడిగితే ఆయన నవ్వి భాయ్ అను చాలన్నాడు. ఆయన స్వామీభాయ్ అయ్యాడు. ఆకుపచ్చ పరదా వెనకావిడ దగ్గరకూ వెళ్లి, "స్వామీ, నాకు ఇయ్యకు" అని చెప్పి వచ్చాడట.

"ఇవ్వలేదా?" అని అడిగాను.

"మూడు సార్లు ఇచ్చింది స్వామీ. నాల్గోసారి తిట్టి ఎల్లగొట్టింది."

ఎందుకు పనిచేస్తోంది ఇది? నాకు ఆ ప్రశ్న దురదలా పట్టుకుంది. తాగాలనే కోరిక మీద కంటే ఆ ప్రశ్న మీదే ఎక్కువ ఆలోచించి ఉంటాను మొదటి ఆర్నెల్లు. బహుశా నేను మానింది కూడా అందుకేనేమో. ఎన్ని రకాలుగా అడిగినా ఆయన జవాబు ఒకటే. "తెల్వది స్వామీ. నడుస్తుంది గదా. నడిచే సాంచను ఇప్పి సూడొద్దు."

ఒకసారి గట్టిగా నిలదీశాను. "మీటింగులో చెప్పే ఆ పెద్దది, మనకన్నా పెద్దది, మీ లెక్కన అది ఏంది?"

నూనె చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "నా ముంగట ఎవరు నిలబడితే ఆళ్లే. గిప్పుడైతే మీరు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఒక తాగుబోతు పంతులిని తనకన్నా పెద్దవాడిగా నిజంగానే చూస్తున్నాడని అర్థమై నాకు సిగ్గేసింది. ఆ రోజు ఆయన ముందు ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

మరి నేనూ అదే చేయొచ్చు కదా? ప్రయత్నించాను. పాలవాడిని స్వామీ అనబోతే నాలుక తిరగలేదు. నాటకం ఆడుతున్నట్టుండేది. ఆయనకు చెబితే, "అది నా సామాను. మీ సాంచకు సరిపోదు. మీది మీరే ఎతుక్కోవాలె" అన్నాడు. అప్పటి నుంచి కలిసినప్పుడల్లా మొదటి ప్రశ్న అదే. "ఏది మార్చిన్రు స్వామీ?" గుడికి వెళ్లి చూశాను, విసుగొచ్చింది. కళ్లు మూసుకుని శ్వాస గమనిస్తే నిద్రొచ్చింది. వేదాంతం పుస్తకాలు చదివితే వాటితో వాదనకు దిగాను. ఇలా చెబుతుంటే ఆయన శ్రద్ధగా వినేవాడు. కాలేదని ఒక్కసారి కూడా నిరుత్సాహపడలేదు. "మంచిదే. గది గాదని తెల్సింది గదా" అనేవాడు. నా ఓటమి ఎవరికైనా పనికొచ్చే సమాచారంలా కనిపించడం నా జీవితంలో అదే మొదటిసారి.

ఇంతలో లాక్‌డౌన్ వచ్చింది. సాంచాలు ఆగిపోయాయి. పగలూ రాత్రీ టకటకమనే లింబాయత్‌లో పక్కింటి దగ్గు కూడా వినిపించింది. మావాళ్లు దొరికిన బండి ఎక్కి ఊళ్లకు పోయారు. ఆయన పోలేదు. ఊళ్లో చుట్టం రాగానే ముందు కల్లు పోస్తారు, కాదంటే అవమానం. భార్యా ఆయనా ఇక్కడే ఉండిపోయారు.

మూడోవారంలో ఒక సాయంత్రం నాలుగింటికి ఆయన ఫోను. 

"స్వామీ, గల్లీల ఎవ్వరు లేరు. పొద్దుగాల్ల సంది ఎవ్వర్ని పిల్వలే. ఇంటామె నిన్నటి సంది మాట్లాడ్తలేదు. బియ్యం మీద కొట్లాట."

అప్పుడు తెలిసింది నాకు. ఆయన దేవుడికి మనుషులు కావాలి. దేశం మొత్తం తలుపులు వేసుకుంటే ఆయన గుడి మూతబడ్డట్టే. ఆ రోజు ఉదయం ఎవరికో ఒకరికి చేద్దామని ఫోను తీశాడట. అప్పట్లో ఎవరికి చేసినా ముందు కరోనా జాగ్రత్తలు చెప్పే రికార్డు మోగేది, గుర్తుందా? దేశమంతా విసుక్కున్న ఆ రికార్డును ఆయన చివరిదాకా విని, "సరే స్వామీ" అన్నాడట. మళ్లీ చేసి మళ్లీ విన్నాడట. ఆ సంగతి చెబుతూ తనే నవ్వాడు, నేనూ నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాం ఇద్దరం, దాచడమెందుకు.

"రోజు గీ టైముకు చేస్త స్వామీ. మీకు పనుంటే ఎత్తి పెట్టేయున్రి. ఒక్కపారి స్వామీ అంటే సాలు నాకు."

అన్నాళ్లూ ఆయన నన్ను నిలబెడుతున్నాడనుకున్నాను. ఆ సాయంత్రం నుంచి నేను కూడా ఆయన సాంచలో ఒక భాగమయ్యాను. దానికి నేనెంత పొంగిపోయానో ఇప్పటికీ చెప్పలేను.

నా సామాను దొరికింది కూడా ఆ రోజుల్లోనే. బడి రిజిస్టరు ఇంటికి తెచ్చుకున్నాను. ముప్పై ఎనిమిది మందిలో ఫోన్ ఉన్నవాళ్లు పద్నాలుగు మంది. మిగతావాళ్లు ఊళ్లకు పోయారు, ఏమయ్యారో తెలియదు. ఒక మధ్యాహ్నం కాళ్లు గల్లీ చివరికి లాగుతుంటే, చేతికేదో పని కావాలని రిజిస్టరు తెరిచి పేర్లు పైకి చదివాను. పేరు చదివాక పంతులు కాసేపు ఆగుతాడు, పిల్లవాడు పలకాలి కదా. వెనక బెంచీ వాడికైతే ఇంకొంచెం ఎక్కువ ఆగాలి. ఖాళీ గదిలో ఒక్కో పేరుకూ అలాగే ఆగాను. ఆ ఆగిన కాసేపట్లో ఏదో ఉంది. భయం లేదు, దాహం లేదు, నా గోల లేదు. అది దేవుడా? ఏమో. ముప్పై ఎనిమిదో పేరు అయ్యేసరికి కాళ్లు లాగడం మానేశాయి.

నాలుగింటికి చెప్పాను. ఒక్కో ముక్కా రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"మీది నాకు ఉల్టా ఉన్నది స్వామీ. నేను అందర్ని ఒకటే పేరుతోని పిలుస్త. మీరు ఎవ్వలి పేరుతోని ఆళ్లను పిలుస్తున్రు. పని జేస్తుందా?"

"ఇవాళ్టికి చేసింది."

"ఇయ్యాలదే కావాలె. రోజు నలభై రెండో దినమే స్వామీ, మనకు. మరి దాన్ని ఇప్పి సూడకున్రి."

ఆసుపత్రి నుంచి చివరిగా మాట్లాడినప్పుడు ఆయాసపడుతూనే ఉన్నాడు. అందరూ తెల్ల ముసుగుల్లో ఉన్నారట, డాక్టరెవరో ఊడ్చేవాడెవరో తెలియడం లేదట. "మొకాలు కనబడ్తలేవు. అందరు ఒక్క తీర్గనే ఉన్నరు. నాకు అల్కగయ్యింది స్వామీ" అన్నాడు.

ఇక ఆయన పోయిన రోజు సంగతి. ఫోన్‌లో ఆయన భార్య ఏడవలేదు. "సారూ, దవాఖానల కాయితాలు గుజరాతీల ఉన్నయి, జర వచ్చి రాయున్రి" అంది. వెళ్లాను. ఇద్దరు కూతుళ్లూ ఊరి వైపే ఉన్నారు, రాలేకపోయారు. గేటు బయట చెట్టుకింద నిలబడి ఫారం నింపాను. మృతుని పూర్తి పేరు అన్నచోట ఆగి ఆమె వైపు చూశాను. చెప్పింది. రాశాను. మూడేళ్ల స్నేహంలో ఆయన పేరు తెలుసుకున్నది ఆ కాగితం మీద.

ఆమెను ఆటో ఎక్కించి, నేను నడుచుకుంటూ వచ్చాను. ఇంటికి రెండు దారులు. నేను గల్లీ చివరి దారిన వచ్చాను. తెలిసే వచ్చాను. ఇవాళ మాస్కు ఉంది, మా ఆవిడకు వాసన కూడా తెలియదు, ఒక్క పొట్లీ, ఒక్క రోజు. ఇవన్నీ వరుసగా అనుకుంటూ వచ్చాను. ఆకుపచ్చ పరదా వెలిసిపోయింది. ఆవిడ గడప మీద కూర్చుని ఉంది. పాత అలవాటున ఒక వేలు చూపించాను.

లేవలేదామె. "మాస్టర్, నీకివ్వను" అంది హిందీలో. "స్వామి చెప్పాడు. ఎప్పుడో ఒకరోజు మాస్టర్ వస్తాడు, నేనున్నా లేకున్నా ఇవ్వకు అని. పోయిన ఏడు నుంచి చెబుతూనే ఉన్నాడు. తిట్టినా మళ్లీ వచ్చి చెప్పాడు. ఏడీ, ఈమధ్య కనబడటం లేదు?"

చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత లేచి, లోపల ఉన్న పొట్లీల బకెట్టు మీద ఒక పళ్లెం బోర్లించింది. పరదా దించింది. నేనింకా అక్కడే నిలబడి ఉంటే చెయ్యి ఊపుతూ, "ఘర్ జావ్, స్వామీ" అంది.

ఇంటికి పో, స్వామీ. ఆయన కాక నన్ను అలా పిలిచింది ఆమె ఒక్కతే.  అప్పట్లో అన్నేళ్లు ఆమె చేతి సారా తాగాను, ఆమె పేరేమిటో తెలియదు. అడిగాను. "ఎందుకు, పోలీసులకిస్తావా?" అంది. అయినా చెప్పింది.

తలుపు తీసిన మా ఆవిడ అలవాటు ప్రకారం నా దగ్గరగా వచ్చి సంచీ అందుకుంది. ఆ సంచీ అందుకోవడం ఎందుకో ఇద్దరికీ తెలుసు. మాస్కు నేనే తీసి, ఆమె వాసన చూసేలా ముఖం దగ్గరికి పెట్టాను. ఆమె మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

నాలుగయింది. ఫోను మోగలేదు. రిజిస్టరు తెరిచి ముప్పై ఎనిమిది పేర్లూ చదివాను. తర్వాత పరదా వెనకావిడ పేరు చదివాను. చివర, పొద్దున ఫారంలో రాసిన పేరు మొదటిసారి పైకి పలికి, వెనక బెంచీ పిల్లవాడి కోసం ఆగినంతసేపు ఆగాను. ఇంకా కాసేపు ఆగాను.

ఎవరూ పలకలేదు. కింద గల్లీలో ఒక మనిషి ఖాళీ కూరగాయల బండి తోసుకుంటూ పోతున్నాడు. కిటికీ దగ్గరికి వెళ్లి, "స్వామీ" అని పిలిచాను. అతను బండి ఆపి, తలెత్తి నా వైపు చూశాడు.